తొక్కతో పెట్టిన తిండి

నవంబరు 19
ఇల్లు, మూడో అంతస్తు

అమ్మాయీ,

వెళ్ళేటప్పుడు "నెల తిరిగాక పిల్లల సంగతి వివరంగా రాయండి అత్తయ్యా" అన్నావు. నెల నిన్నటితో తిరిగింది. మీ సర్వే ఆఫీసు గుమాస్తా పొద్దున ఫోన్ చేసి, సామాన్ల లారీ రేపు తెల్లవారి కొండ మీదికి బయల్దేరుతుందనీ, క్యాంపుకి ఉత్తరాలేమైనా ఉంటే సాయంత్రంలోగా అందజేయమనీ చెప్పాడు. మీ దగ్గర ఫోను పలకదు, వైర్‌లెస్ ఆఫీసు పనికి తప్ప ఇవ్వరు కాబట్టి, పదిహేను రోజులకొకసారి వచ్చే ఈ లారీయే మనకి దిక్కు. అందుకని ఇవాళే కూర్చుని రాస్తున్నాను.

పెద్దాడు బాగానే ఉన్నాడు. తింటాడు, కాకపోతే తినేముందు వాదిస్తాడు. వాళ్ళ నాన్న వాడికి వకీలు అని పేరు పెట్టడం ఊరికే కాదు. మొన్న క్యాబేజీ వడ్డిస్తే, "నానమ్మా, నేను క్యాబేజీ తిననని ఎప్పుడూ అనలేదు. ఇవాళ తిననని మాత్రమే అంటున్నాను" అన్నాడు. ఎనిమిదేళ్ళవాడితో నోరు పెట్టుకుని నేను గెలిచింది తక్కువ. కానీ చివరికి వాడి కంచం ఖాళీ అవుతుంది. నాకు అది చాలు.

చిన్నదాని సంగతి వేరు. దాన్ని ఉడత అని ఎందుకు పిలుస్తారో ఈ నెలలో నాకు పూర్తిగా తెలిసొచ్చింది. ముద్ద పెడితే బుగ్గలోకి తోసి కూర్చుంటుంది. నమలదు, మింగదు, ఉమ్మదు. మధ్యాహ్నం పెట్టిన ముల్లంగి ముక్క సాయంత్రం పాఠం అప్పజెప్పించుకునేటప్పుడు బయటపడింది. మాట ముద్దగా వస్తోందేమిటని నోరు తెరిపిస్తే, పెట్టింది పెట్టినట్టే ఉంది. "ఎందుకు మింగలేదే?" అంటే, "అది ఇంకా ముల్లంగిలానే ఉంది నానమ్మా" అంది.

స్కూల్లో బరువులు చూశారు. చిన్నది పోయిన వేసవిలో కన్నా తగ్గింది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను: "చలికాలంలో పిల్లలకి ఆకలి పెరగాలి. ఈ పిల్లకి తగ్గుతోంది. డిసెంబరు ముప్పైన మళ్ళీ తీసుకురండి. అప్పటికీ పెరగకపోతే ఆస్పత్రిలో ఉంచి చూడాలి. అప్పుడు తల్లి దగ్గరుండాలి."

బజార్లో ఇప్పుడు దొరికేవి ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ, కాలీఫ్లవర్, బఠానీ, పాలకూర, గుమ్మడికాయ, చిలగడదుంప. అన్నీ తాజాగా ఉన్నాయి. అన్నీ వండాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. భాగహారం తలకెక్కనివాళ్ళకి ఎక్కించాను గాని, ఈ ఒక్కదాని చేత మింగించలేకపోతున్నాను. మీ ఆయన ప్రెస్సులో రాత్రి షిఫ్టు చేసి తెల్లవారి వచ్చి పడుకుంటాడు. వాడిని కదిలించడం లేదు.

నీ దగ్గర ఉన్నప్పుడు చిన్నది తినేదని విన్నాను. ఎలా తినేదో రాయి. నిన్ను రమ్మని రాస్తున్న ఉత్తరం కాదిది. పద్ధతి అడగడానికి మాత్రమే.

మీ అత్తయ్య

---

నవంబరు 22
సొరంగం క్యాంపు, ఉత్తరం వైపు

అత్తయ్యగారికి నమస్కారం.

పెన్నులో సిరా గడ్డకట్టింది. అందుకని పెన్సిలుతో రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. చేతికి గ్లవ్స్ ఉన్నాయి, అక్షరాలు అలా పడుతున్నాయి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముల్లంగి దగ్గర నవ్వొచ్చింది, డాక్టరమ్మ మాటలు మాత్రం మూడోసారి కూడా చదివాను.

ముందుగా ఇక్కడి సంగతి చెప్తాను, ఎందుకంటే దానితో ముడిపడి ఉంది. కొండకి అటు నుంచీ ఇటు నుంచీ తవ్వుకుంటూ వస్తున్నారు. నేను చూపించిన గీత మీదే ఇటువాళ్ళు తవ్వుతున్నారు. ఫిబ్రవరి ఆఖరుకి రెండు కొసలూ కలవాలి. మీకు తెలుసు కదా, పదేళ్ళు వేరేవాళ్ళ వెనకాల కొలత కర్ర పట్టుకుని నడిచాను. గీత నా చేతికి ఇవ్వడం ఇదే మొదటిసారి. కొత్త సంవత్సరం రాగానే కనుమ దారి మంచుతో మూసుకుపోతుంది. ఆలోగా దిగినవాళ్ళు మళ్ళీ వసంతానికి గాని పైకి రాలేరు. అంటే నేను దిగితే గీత ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఇది మీకు చెప్పకుండా దాచడం బాగుండదని రాస్తున్నాను.

ఇప్పుడు చిన్నదాని సంగతి. నా దగ్గర తినేదన్నది నిజమే అత్తయ్యా. కానీ తింటున్నదేమిటో దానికి తెలీదు. కాలీఫ్లవర్ మెత్తగా ఉడికించి, రుబ్బి, బంగాళాదుంప ముద్దలో కలిపేదాన్ని. రెండూ తెల్లగానే ఉంటాయి. గుమ్మడికాయ అయితే రొట్టెల పిండిలో. పాలకూర రంగు ఎందులోనూ దాగదు, దాన్ని వదిలేయండి.

మా పనిలో ఒక కిటుకుంది. వంద అడుగుల దూరానికి ఒక్క అడుగు ఎత్తు పెంచుకుంటూ పోతే, నడిచేవాడికి ఎక్కుతున్నట్టే తెలీదు. పైకి చేరాక వెనక్కి తిరిగి చూస్తే గాని కనపడదు. మీరూ అలాగే చేయండి. మొదటి రోజు ఒక్క చెంచా. రెండో రోజు రెండు. తొందరపడకండి.

"ఇందులో ఏముంది?" అని అడుగుతుంది. "బంగాళాదుంప" అనండి. ఉన్నమాటే కదా.

ఇంతకు మించి నా దగ్గర గొప్ప విద్యలేమీ లేవు. మీరు నన్ను మంచి వంటమనిషినని ఎప్పుడూ అనుకోలేదు, అది నాకు తెలుసు. ఇక్కడ వంటాయన అన్నీ ఒకే పెద్ద గిన్నెలో ఉడికిస్తాడు. ఏం తింటున్నామో అడిగే ఓపిక ఎవరికీ లేదు.

పిల్లలిద్దరికీ ముద్దులు. మీరు మధ్యాహ్నం కాస్త నడుం వాల్చండి.

మీ కోడలు

---

డిసెంబరు 3
ఇల్లు

అమ్మాయీ,

రేపు లారీ ఉంది. చెప్పుకోదగ్గ సంగతి ఉంది కాబట్టి రాస్తున్నాను.

నీ వాలు లెక్క పనిచేస్తోంది. మొదటి రోజు ఒక చెంచాతో మొదలుపెట్టాను. ఈ రోజుకి ముద్దలో మూడో వంతు కాలీఫ్లవర్. చిన్నది తిన్నది, నమిలింది, మింగింది. బుగ్గలు తడిమి చూశాను, ఏమీ లేదు. గుమ్మడికాయ రొట్టెలు రెండు తిని మూడోది అడిగింది. వీధి చివర కొట్టువాడి బస్తాల కాటా మీద నిలబెట్టి చూపించాను. పెరిగింది. కొద్దిగానే, కానీ ముల్లు ఇటు కదిలింది.

మీ ఆయన పొద్దున ప్రెస్సు నుంచి వచ్చి, గిన్నెలో మిగిలిన ముద్ద గరిటెతోనే తిని, "అమ్మా, ఈసారి బంగాళాదుంపలు మంచివి దొరికాయి" అని పోయి పడుకున్నాడు. ఆరేళ్ళ పిల్లకే కాదు, ముప్పై ఎనిమిదేళ్ళవాడికీ తెలియలేదు.

వకీలుకి మాత్రం ముక్కు మీద అనుమానం వాలింది.

"నానమ్మా, ఇందులో బంగాళాదుంప ఒక్కటేనా?"

"ఉప్పు, వెన్న కూడా ఉన్నాయి."

"నేను అడిగింది అది కాదు."

"అడిగింది చాలు, తిను."

"జవాబు చెప్పలేదని గుర్తుపెట్టుకుంటున్నాను" అని తిన్నాడు.

నిజం రాస్తున్నాను, ఈ పని నాకు నచ్చడం లేదు. పిల్లలు లేవకముందే, అంటే అయిదింటికే లేవాలి. కాలీఫ్లవర్ ఉడికే వాసన వాళ్ళ గదిలోకి పోకుండా తలుపు కింద గుడ్డ కుక్కుతున్నాను. మిక్సీ చప్పుడు వినపడకుండా దానికి దుప్పటి చుడుతున్నాను. నిన్న ఆ దుప్పటిని రెండు చేతులతో అదిమి పట్టుకుని నిలబడి, నేను ఎవరింట్లో దొంగతనం చేస్తున్నానా అనిపించింది. రుబ్బిన గిన్నెలు వాళ్ళు లేచేలోపు కడిగి బోర్లించాలి. తొక్కలు కాగితంలో చుట్టి కిందికి తీసుకెళ్ళి పారేయాలి. మూడంతస్తుల మెట్లు. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు.

అయినా తింటోంది. కాబట్టి చేస్తాను.

నిన్ను మంచి వంటమనిషివని నేను అనుకోలేదని రాశావు. అనుకోలేదు. ఇప్పుడు నీ వంట నేనే చేస్తున్నాను.

మీ అత్తయ్య

---

డిసెంబరు 6
క్యాంపు

అత్తయ్యా,

మూడో రొట్టె అడిగిందని రాశారే, ఆ వాక్యం చదివి బయటికి వెళ్ళి మంచులో కాసేపు ఊరికే నిలబడ్డాను. ఇక్కడ నాతోపాటు ఉండే రేడియో అమ్మాయి "ఏమైంది?" అంది. "మా పిల్ల గుమ్మడికాయ తింది" అన్నాను. ఆ అమ్మాయికి ఇంకా పెళ్ళి కాలేదు, అందులో ఏముందో అర్థం కాలేదు.

మనం అటూ ఇటూ దూరంగా ఉండి ఒకే పని చేస్తున్నాం అనిపిస్తోంది. మీరు చెంచాలు, నేను అంగుళాలు. నిన్న కొలిచాను, గీత తప్పలేదు. రాత్రిళ్ళు మాత్రం నిద్ర పట్టడం లేదు. కళ్ళు మూసుకుంటే గీత పక్కకి జరిగినట్టు కనపడుతుంది. లేచి మళ్ళీ లెక్క చూసుకుంటాను.

ఇంకొకటి రాస్తాను. బీట్‌రూట్ ఈ నెలలో బాగా తియ్యగా ఉంటుంది, రక్తం పడుతుంది కూడా. దాన్ని ఉడికించి మెత్తగా రుబ్బి, కోకో పొడి ఎక్కువ వేసి చాక్లెట్ కేకు చేయండి. కోకోలో ఆ ఎరుపు కనపడదు. నేను రెండుసార్లు చేశాను, కాస్తే వేశాను. మీరు ధైర్యంగా పెద్దవి రెండు వేయండి. కేకు అంటే చిన్నది ప్రాణం పెడుతుంది, ఎంతైనా తింటుంది.

ముప్పయ్యో తారీఖుకి డాక్టరమ్మే ఆశ్చర్యపోవాలి.

మీ కోడలు

---

డిసెంబరు 17
ఇల్లు

అమ్మాయీ,

నువ్వు కూర్చుని చదువు. ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. అది ముందే రాస్తున్నాను.

శనివారం కేకు చేశాను. రెండు బీట్‌రూట్లు, నువ్వు చెప్పినట్టే. చిన్నది నాలుగు ముక్కలు తిన్నది. ఆదివారం పొద్దున బాత్రూములోంచి ఒక్క కేక పెట్టింది. వెళ్ళి చూస్తే ఒంటేలు ఎర్రగా వచ్చింది. "నానమ్మా, నాకు రక్తం పోతోంది, నేను చచ్చిపోతానా?" అని వణికిపోతోంది. మీ ఆయన నిద్రలోంచి లేచినవాడు లేచినట్టే దాన్ని దుప్పట్లో చుట్టి, ఒక కాలికే చెప్పుతో మెట్లు దిగి పరుగెత్తాడు. వెనకాల నేనూ, వకీలూ.

నాకు దారిలోనే తెలుసు. వీధిలో అందరి మధ్య చెప్పలేక, పరుగు తీస్తున్నవాడిని అందుకోలేక, డాక్టరమ్మ గది దాకా అలాగే వెళ్ళాను.

ఆవిడ చూసి, "బీట్‌రూట్ ఏమైనా తిన్నదా?" అని అడిగింది.

మీ ఆయన, "లేదండీ, మా పిల్ల బీట్‌రూట్ ఉన్న బల్ల దగ్గరికే రాదు" అన్నాడు.

"తిన్నది" అన్నాను.

"ఎప్పుడమ్మా?"

"నిన్న. కేకులో. నేనే వేశాను."

డాక్టరమ్మ నవ్వేసింది. "రంగే, భయం లేదు, రేపటికి పోతుంది" అంది. మీ ఆయన అప్పుడు గాని తన కాలికి ఒక్క చెప్పే ఉందని చూసుకోలేదు. నవ్వనిది చిన్నది. దుప్పట్లోంచి తల బయటపెట్టి నన్నే చూస్తోంది.

వకీలు మొదలుపెట్టాడు. "కేకులో బీట్‌రూట్ ఉందా? మరి రొట్టెల్లో?"

"గుమ్మడికాయ."

"ముద్దలో?"

"కాలీఫ్లవర్."

"నేను అడిగాను. జవాబు చెప్పలేదు" అన్నాడు. గెలిచినవాడిలా అనలేదు. మెల్లిగా అన్నాడు.

చిన్నది అప్పుడు ఒక్కటే అడిగింది. "పాలలో ఏం వేశావు?" పాలలో ఏమీ వేయలేదని చెప్పాను. నమ్మలేదు. ఎందుకు నమ్మాలి?

ఆ రోజు నుంచీ ఇంట్లో వండినది ఏదీ తినడం లేదు. రొట్టెని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, నిలువునా చీల్చి, వెలుతురులో చూస్తుంది. అన్నం మెతుకులు వేలితో విడదీస్తుంది. చూసి, పక్కన పెట్టేస్తుంది. బుగ్గన పెట్టుకోవడం కూడా మానేసింది, ఎందుకంటే నోరే తెరవడం లేదు. నీళ్ళు తనే పట్టుకుని తాగుతుంది. బిస్కట్ల ప్యాకెట్టు అయితే, అతుకు చూసుకుని, తానే చింపి, రెండు తింటుంది. అంతే.

నిన్న డాక్టరమ్మకి చూపించాను. పెరిగినదంతా పోయింది, ఇంకొంచెం కూడా పోయింది. ముప్పయ్యో తారీఖు మాట అలాగే ఉందన్నది. "తల్లి ఎక్కడుంది?" అని అడిగింది. చెప్పాను.

మొన్నటి నుంచీ మిక్సీ తీయలేదు. అయిదింటికి లేవడం మాత్రం అలవాటై మెలకువ వస్తోంది. వంటింట్లో దీపం వేసుకుని ఏమీ చేయకుండా కూర్చుంటున్నాను.

నువ్వు రావద్దు. ఇంకా రోజులున్నాయి.

మీ అత్తయ్య

---

డిసెంబరు 20
క్యాంపు

అత్తయ్యగారికి,

నేను వచ్చేస్తున్నాను.

చీఫ్ గారికి కాగితం ఇచ్చాను. ఇంకా సంతకం పెట్టలేదు. "లెక్కలన్నీ ఇంకొకరికి అప్పగించు, లారీ తిరిగొచ్చినప్పుడు చూద్దాం" అన్నారు. కాబట్టి ఈ లారీలో కాదు, దీని తర్వాత వచ్చే దాంట్లో దిగుతాను. ఒకటో తారీఖున వస్తుంది, మూడున తిరిగి బయల్దేరుతుంది. దాని తర్వాత దారి మూసేస్తారు. ఎటూ అదే ఆఖరిది.

కేకు చెప్పింది నేను. వేసింది మీరు. ఎవరిదెంత అని నేను లెక్క తీయబోవడం లేదు, మీరూ తీయకండి. తీస్తారని తెలుసు.

ఒక్కమాట మాత్రం రాస్తాను, లేకపోతే లోపల కుళ్ళుతుంది. "తల్లి ఎక్కడుంది?" అని డాక్టరమ్మ అడిగిందని రాశారు. ఆ వాక్యం రాయకుండా ఉండాల్సింది. పైనంతా రాసి, దాని కింద "నువ్వు రావద్దు" అని రాశారు. ఏది చదువుకోమని?

మిమ్మల్ని నిందించడం లేదు. ఈ వయసులో మిమ్మల్ని అయిదింటికి లేపి మెట్లెక్కించి దింపించినదాన్ని నేను. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. మీ వల్ల కాకపోతే నేను, నా వల్ల కాకపోతే మీరు. అంతే కదా ఉన్నది. మీకు ఓపిక అయిపోయింది, కాబట్టి నేను.

రెండు కొసల మధ్య రాయి ఇంకా కాస్తే ఉంది. అటువాళ్ళు బాంబు పేలిస్తే ఇటు కాళ్ళ కింద తెలుస్తోంది. ఎవరో ఒకరు కలుపుతారు. నా గీత సరిగ్గానే ఉంది, పట్టుకుని పోవడమే.

చిన్నదానికి నేను వస్తున్నానని చెప్పకండి. దారిలో ఏదైనా ఆలస్యమైతే అదొక అబద్ధం అవుతుంది.

మీ కోడలు

---

డిసెంబరు 31
ఇల్లు

అమ్మాయీ,

ఈ ఉత్తరం నిన్ను దించడానికి వస్తున్న లారీలోనే వస్తోంది. గుమాస్తా చేతికి కాకుండా డ్రైవరు చేతికే ఇచ్చి, నీ పెట్టె లారీ ఎక్కకముందే నీకు అందించాలని చెప్పి పంపుతున్నాను. నిలబడైనా సరే, చివరిదాకా చదివి, ఆ తర్వాత పెట్టె ఎత్తు.

ముందు నీ మాటకి జవాబు. డాక్టరమ్మ అడిగింది కాబట్టి రాశాను. అడిగినదాన్ని నీకు పనికిరాదని నేను ఉత్తరంలో కనపడకుండా కలిపేసి పంపితే, అది ఇంకో కేకు అయ్యేది. అయితే దాని కింద "రావద్దు" అని రాసి ఊరుకోవడం సరిగ్గా లేదు. ఎందుకు రావద్దో రాయాలి. ఇవాళ రాస్తున్నాను.

చిన్నదాని సంగతి. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు వంటింటి గుమ్మంలో కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాను. ఎవరికోసమో నాకే తెలియదు. చిన్నది వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక కాయ తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇందులో నువ్వేమైనా పెట్టావా?"

"కాయ మూసి ఉందే. నేనెలా పెడతాను?"

"నువ్వు పెట్టగలవు" అంది. నా మీద దానికి ఉన్న నమ్మకం అది.

వకీలుని పిలిచింది. వాడు కాయని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అంచు పొడుగునా గోటితో రాసి చూసి, "అతుకు లేదు. ఎవరూ తెరవలేదు" అని తీర్పు చెప్పాడు. చిన్నది కాయ విప్పి గింజలు చూసింది. పచ్చివే నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకో కాయ తీసింది. నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆపేస్తుందేమోనని. బుట్టలో సగం అయ్యాక లేచి వెళ్ళిపోయింది.

బిస్కట్ల ప్యాకెట్టు చింపుకోవడం అప్పుడు అర్థమైంది. తిండి మీద కాదు దానికి అనుమానం, చేతుల మీద. నా చేయి పడని దేనినైనా తింటుంది. ఆ రాత్రి చిలగడదుంప కడిగి, తొక్క తీయకుండా అలాగే కాల్చి కంచంలో పెట్టాను. కోడిగుడ్డు పెంకుతోనే. నారింజ ఒలవకుండా. క్యారెట్టు ఆకుతో సహా. కంచం చూస్తే బజారు బుట్టలా ఉంది. పక్కన ఉప్పు విడిగా. దాని దుంప అదే చీల్చుకుంది, వేళ్ళు కాలాయి, ఊదుకుంది, తిన్నది. బుగ్గలో పెట్టుకోలేదు.

అప్పటి నుంచీ అలాగే. వంట అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. కడగడం, కాల్చడం. మొక్కజొన్న పొత్తు ఆకుల్లోనే ఉడికించాను. చిన్న గుమ్మడికాయని కోయకుండా కాల్చి, దాని ఎదురుగానే కోశాను. గింజలు చూశాక ఒప్పుకుంది. నాలుగో రోజున రొట్టెల పిండి కలుపుతుంటే స్టూలు ఎక్కి నిలబడి, పిండి, నీళ్ళు, ఉప్పు పడేదాకా కన్నార్పకుండా చూసి, ఆ రొట్టె తిన్నది. బీట్‌రూట్ అది అడగలేదు, నేను తేలేదు.

ఒక రోజు భోజనాల దగ్గర వకీలు అడిగాడు. "అమ్మ కూడా దాచేదా?"

ఇది నీకు కష్టంగా ఉంటుంది. "దాచేది" అన్నాను. ఏముందని అడిగితే ఉన్నది చెప్తానని వాళ్ళకి మాటిచ్చాను, అందులో నీకు మినహాయింపు పెట్టలేదు. చిన్నది గుడ్డు పెంకు తీస్తూనే, "అమ్మ వచ్చాక కూడా నేనే ఒలుచుకుంటానని రాయి" అంది. రాస్తున్నాను.

నిన్న ముప్పయ్యో తారీఖు. డాక్టరమ్మ కాటా మీద నిలబెట్టింది. పెరిగింది. నవంబరులో ఉన్నదానికి ఇంకా చేరలేదు, కానీ పోయినదాంట్లో సగానికి పైగా తిరిగొచ్చింది. "ఆస్పత్రి అక్కర్లేదు. ఇలాగే పెట్టండి. జనవరి ఆఖరున చూస్తాను" అంది. "ఏం పెడుతున్నారు?" అని అడిగితే చిన్నదే చెప్పింది: "తొక్క ఉన్నవి."

ఇది మొదటి సంగతి. రెండోది నా సంగతి.

నేను అలసిపోయాను. నీ ఉత్తరంలో "మీకు ఓపిక అయిపోయింది" అన్న ముక్క చదివి కోపం వచ్చింది. శుక్రవారం నాడు దుంపలు పొయ్యి మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, అలాగే నిద్రపోయాను. పొగ వంటింట్లోంచి మెట్ల మీదికి వెళ్ళింది. పొయ్యి ఆర్పింది వకీలు. మీ ఆయన దగ్గుకుంటూ లేచి వచ్చాడు.

"అమ్మా, పొయ్యి మీద పెట్టి పడుకుంటే ఎలా?"

"పడుకోలేదు, కూర్చున్నాను."

"గురక నా గదిలోకి వినిపించింది."

"అయితే అప్పుడే లేచి రావలసింది."

వాడు మాడిన గిన్నెలో నీళ్ళు పోస్తూ నిలబడ్డాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చి ఉంది. "నీ పెళ్ళాం పని వదిలేసి దిగి వస్తోంది. నీకేమీ అనిపించడం లేదా?" అన్నాను.

"అనిపించింది. మీరిద్దరూ ఉత్తరాల్లో తేల్చుకుంటున్నారు కదా అని ఊరుకున్నాను. నన్నెవరూ అడగలేదు."

గరిటె వాడి నెత్తిన వేద్దామనుకున్నాను. అడగాలా? వాడి పిల్లలు, వాడి ఇల్లు. అది వాడితో అన్నాను, ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయనక్కర్లేదు. కానీ తర్వాత కూర్చుని నా ఉత్తరాలు గుర్తు తెచ్చుకున్నాను. వాటిలో వాడు నిద్రపోతాడు, లేస్తాడు, గిన్నెలో మిగిలింది తింటాడు. నీ ఉత్తరాల్లో వాడు అసలు లేనే లేడు. మీ వల్ల కాకపోతే నేను, నా వల్ల కాకపోతే మీరు, అంతే కదా ఉన్నది అని రాశావు. ఇంట్లో పెద్దవాళ్ళం ముగ్గురం ఉంటే బరువుని ఇద్దరితోనే భాగించి, ఎవరి వాటాకీ సరిపోవడం లేదని ఇద్దరం ఏడుస్తున్నాం. నా క్లాసులో ఎవరైనా ఈ లెక్క చేసి తెస్తే బల్ల ఎక్కించేదాన్ని.

"పగటి షిఫ్టు ఎందుకు తీసుకోవు?" అని అడిగాను.

"ఫోర్‌మన్ ఒప్పుకోడు."

"అడిగావా?"

"లేదు."

"అడుగు."

ఆ రాత్రే అడిగాడు. ఫోర్‌మన్ నవ్వి, "పిల్లల గోల లేకుండా నిద్రపోవచ్చని నువ్వే రాత్రులు కోరుకుంటున్నావనుకున్నాను" అన్నాడట. మీ ఆయన వచ్చి నాకు చెప్తూ నవ్వలేదు.

నిన్న సాయంత్రం వాడే దుంపలు కాల్చాడు. ఒక వైపు మాడ్చాడు. చిన్నది మాడిన వైపు తీసేసి తిన్నది. వకీలు, "నాన్నా, ఇది కాల్చడమా, తగలబెట్టడమా?" అని అడిగాడు. వాడు, "రెండూ" అన్నాడు. నేను బల్ల దగ్గర ఊరికే కూర్చుని ఎవరో పెట్టింది తిన్నాను. ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు.

ఈ లారీ దిగాక కొండ మీదికి మళ్ళీ ఉత్తరాలు వెళ్ళవు. కాబట్టి జరగవలసినవి ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

1. పెట్టె విప్పు. చీఫ్ గారికి ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకో. ఆయన సంతకం పెట్టేసి ఉంటే, మా అత్తగారు ఒప్పుకోలేదని చెప్పు. నా పేరు ఇన్నాళ్ళూ చెడ్డగా వాడుకున్నావు, ఒక్కసారి మంచిగా వాడుకో.

2. సోమవారం నుంచి మీ ఆయనకి పగటి షిఫ్టు. రాత్రి భోజనం వాడి పని, గిన్నెలతో సహా. ఉప్పు ఎక్కువైనా నేను నోరెత్తను. ఇది నాకు కష్టం, అందుకే రాసి ఇస్తున్నాను.

3. పిల్లల కంచంలో ఎవరూ ఏదీ దాచకూడదు. నేను, వాడు, వచ్చాక నువ్వు.

4. జనవరి ఆఖరున డాక్టరమ్మ దగ్గరికి వాడే తీసుకెళ్తాడు. పెరిగినా తగ్గినా, మీ ఆఫీసువాళ్ళని అడిగి, ఉన్న బరువు ఉన్నట్టే వైర్‌లెస్‌లో నీకు చెప్పిస్తాడు. తగ్గితే ఏం చేయాలో ముగ్గురం కలిసి తేల్చుకుందాం.

5. నీ రెండు కొసలూ నువ్వే కలుపు. కలిపాక దిగు. అంతకుముందు వద్దు.

6. ఆదివారం నేను వంటింట్లోకి వెళ్ళను. పడుకుంటాను. ఎవరూ లేపకూడదని ఇంట్లో చెప్పేశాను.